ముందు తల్లి తాబేలు బతకాలి

ఫిబ్రవరి నుంచి మే దాకా మన కోస్తా పొడవునా ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. ఇసుకలో ప్లాస్టిక్ బేసిన్లు, వాటి నిండా అరచేతిలో ఇమిడిపోయే నల్లటి తాబేలు పిల్లలు, చుట్టూ బడిపిల్లలు, అధికారులు, సెల్‌ఫోన్లు. తాబేలు పిల్లలు అలల వైపు పాకుతుంటే అందరూ చప్పట్లు కొడతారు. ఆ సంతోషంలో కల్మషం లేదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశమూ కాదు. కానీ అదే ఇసుక మీద ఇంకాస్త దూరం నడిచి చూడండి. చచ్చిపడి ఉన్న పెద్ద తాబేలు. రెండడుగుల పైన ఉండే డిప్ప, ఉబ్బిన మెడ, కళ్లుండాల్సిన చోట పీతలు తొలిచిన గుంతలు. ఒంటి మీద గాయం ఉండదు. తోక గమనించండి. డిప్ప అంచు దాటి బారుగా బయటికొస్తే మగది. డిప్ప కిందే ఆగిపోయే పొట్టి తోకైతే ఆడది. ఈ నెలల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చే ఆడవాటిలో కడుపు నిండా గుడ్లతో చచ్చినవీ ఉంటాయి.

మన తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే అనే సముద్రపు తాబేళ్ల రక్షణ అంటే పిల్లల్ని నీళ్లలో వదలడమే అన్న అభిప్రాయం మనలో స్థిరపడిపోయింది. ఇది పొరపాటని, ఖరీదైన పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను. కారణం లెక్కలో ఉంది.

ఒక ఆడ తాబేలు గూటికి 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. 110 అనుకుందాం. గుడ్లు తెచ్చి ఇసుకలో పొదిగించే హేచరీ చక్కగా నడిచి నూటికి 80 గుడ్లు పిల్లలైతే గూటికి 88. సముద్రంలోకి దిగిన వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటని స్థూలంగా ఓ అంచనా. ఆ చొప్పున ఒక్క తాబేలు పెద్దదవడానికి పదకొండు గూళ్లకు పైగా కావాలి. సగం మగవి పోతాయి కాబట్టి ఒక్క తల్లి తయారవడానికి దాదాపు 23 గూళ్లు. ఆ పిల్ల గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్లు దాటుతుంది, పదిహేనూ పట్టొచ్చు. అంటే ఇవాళ వలలో పోయిన ఒక్క తల్లికి బదులు తెచ్చుకోవాలంటే 23 గూళ్లు కాపలా కాసి, ఆపైన ఓ పుష్కరం ఎదురుచూడాలి. ఒక మరబోటు ఒక్క లాగులో, అంటే వల ఒకసారి దించి లాగి పైకి తీసేలోపు, రెండు మూడు తాబేళ్లను ముంచేస్తే ఒక హేచరీ సీజనంతా పడ్డ కష్టం ఆ మధ్యాహ్నమే తుడిచిపెట్టుకుపోతుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికా తూర్పు తీరంలోని లాగర్‌హెడ్ అనే మరో రకం సముద్రపు తాబేళ్ల మీద క్రౌస్, క్రౌడర్, కాస్వెల్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1987లోనే ఈ లెక్క కట్టారు. గూళ్లలో ఒక్క గుడ్డు కూడా పాడవకుండా కాపాడినా ఆ తాబేళ్లు తగ్గుతూనే ఉంటాయని, ఎదిగిన, ఎదుగుతున్న తాబేళ్ల చావులు తగ్గిస్తేనే కోలుకుంటాయని తేల్చారు. అంతకుముందు అక్కడా శ్రద్ధంతా గుడ్ల మీదే ఉండేది. రొయ్యల వలల్లో తాబేలు బయటపడే దారి ఉండి తీరాలన్న నిబంధనకు ఈ లెక్క పెద్ద ఊతమైంది.

ఇక్కడ చాలామంది ఒక ప్రశ్న వేస్తారు. 2025 ఫిబ్రవరిలో ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయని వార్తలొచ్చాయి కదా, లక్షల్లో ఉన్నవాటికి ముప్పేమిటి అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇసుక మీదికి వచ్చే తల్లుల సంఖ్య పది పదిహేనేళ్ల కిందట పుట్టిన పిల్లల ఫలితం. ఇప్పుడు మన నీళ్లలో జరుగుతున్న నష్టం ఆ లెక్కలో పూర్తిగా కనపడటానికి ఇంకో పదేళ్లు పడుతుంది, కనపడేసరికి చేయడానికి పెద్దగా మిగలదు. పైగా ఇవి ఒక రాష్ట్రం సొత్తు కావు. ఒడిశా తీరంలో గుడ్లు పెట్టిన తాబేళ్లు శ్రీలంక వైపు సాగిపోతాయని ట్యాగులు కట్టి చూశారు. ఆ దారి మన తీరం వెంబడే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన ఇసుకలోనూ అక్కడక్కడా గూళ్లు పెడతాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో వీటిది ముప్పు పొంచి ఉన్న వర్గం, మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు, అంటే పులికి ఇచ్చిన రక్షణే.

అసలు వలలో ఎందుకు చస్తాయో తెలియకుండా పరిష్కారం అర్థం కాదు. తాబేలుకు మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి. తన ఇష్టంతో మునిగినప్పుడు గుండె వేగం తగ్గించుకుని చాలాసేపు నీళ్లలో ఉండగలదు. వలలో పడ్డప్పుడు అలా కుదరదు. బయటికి రావాలని కొట్టుకుంటుంది, ఉన్న ప్రాణవాయువు కొద్దిసేపట్లోనే అయిపోతుంది. ట్రాల్ వల ఒక పెద్ద గరాటు సంచి. నోరు వెడల్పు, వెనక్కి పోనుపోను సన్నబడి చివర చేపలు పోగయ్యే తోక సంచి. బోటు లాగుతున్నంతసేపూ లోపలికి తోసే నీటి ఒత్తిడికి ఎదురీది వెనక్కి రావడం తాబేలు వల్ల కాదు. లాగు గంట లోపు ఉంటే చాలా తాబేళ్లు బతికే ఉంటాయి, గంట దాటిన కొద్దీ చావులు వేగంగా పెరుగుతాయి. మన దగ్గర ఒక లాగు రెండు మూడు గంటలు సాగడం మామూలు.

దీనికి మందు ఉంది. దాని పేరు టెడ్, అంటే వలలో పడ్డ తాబేలును బయటికి పంపే పరికరం. తోక సంచికి ముందు, వల మెడ దగ్గర అమర్చే కోడిగుడ్డు ఆకారపు ఇనుప చట్రం, అందులో నిలువు కమ్మీలు. రొయ్యలు, చేపలు కమ్మీల సందుల్లోంచి తోక సంచిలోకి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి, వాలు వెంబడి జారి, పైనో కిందో కోసి ఉంచిన దారిలోంచి బయటపడుతుంది. ఆ దారి మీద వల గుడ్డతో కుట్టిన తలుపు ఉంటుంది, తాబేలు తోస్తే తెరుచుకుని నీటి ఒత్తిడికి మళ్లీ మూసుకుంటుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు ఒకటి తయారుచేసింది. వాళ్ల పరీక్షల్లో రొయ్యల నష్టం ఒక శాతం లోపు, మిగతా చేపల్లో రెండు మూడు శాతం.

చెప్పడానికి తేలికే, అమర్చడంలోనే అంతా ఉంది. ముఖ్యమైంది చట్రం వాలు. 30 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలి, 45 దగ్గర ఉంటే మంచిది. అంతకంటే నిటారుగా నిలిస్తే తాబేలు జారదు, కమ్మీలకు అతుక్కుని అక్కడే మునుగుతుంది, చెత్తా నాచూ కూడా పేరుకుని సందులు మూసుకుపోతాయి. మరీ పడుకుంటే నీరు దారి వైపు మళ్లి రొయ్యలు బయటికి పోతాయి. అప్పుడు బోటు నడిపే సరంగు ఏమంటాడు? "ఈ టెడ్డు పెట్టాక సరుకు పోయింది" అంటాడు. అతనన్నది నిజమే, తప్పు మాత్రం వాలుది. వల తడిసి సాగుతుంది, కుట్లు వదులవుతాయి, నెల కిందట సరిగ్గా ఉన్న వాలు ఇప్పుడు ఉండదు. అందుకే వల ఎండలో ఆరేసినప్పుడు వేలాడదీసి కోణం చూసుకోవాలి. కమ్మీల మధ్య సందు అమెరికా నిబంధన ప్రకారం నాలుగు అంగుళాలు మించకూడదు, మించితే చిన్న తాబేలు తల దూర్చి ఇరుక్కుంటుంది. చట్రం బరువుకు వల అడుగున ఈడ్చుకుపోకుండా రెండు పక్కలా తేలే బెండ్లు కట్టాలి. ఇక అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఒకటుంది. రేవులో తనిఖీకి చూపించి, సముద్రంలోకి వెళ్లాక ఆ తలుపును తాడుతో కుట్టేయడం. అలా కుట్టిన టెడ్ అసలు లేనిదానికంటే హీనం, ఎందుకంటే కాగితం మీద ఆ బోటు తాబేళ్లను కాపాడుతున్నట్టే లెక్క.

ఇందులో మత్స్యకారుల్ని దోషులుగా నిలబెట్టే వాదన నాకు నచ్చదు. తాబేలు పడాలని ఎవరూ వల వేయరు. అది పడితే వల చిరుగుతుంది, పట్టిన చేప నలుగుతుంది, చాలామందికి అది కూర్మావతారం, చంపితే పాపమన్న భయం కూడా ఉంది. ఏడాదికేడాదికి చేప తగ్గి డీజిల్ ధర పెరిగిన మనిషికి రెండు శాతం నష్టమంటే చిన్న మాట కాదు. అందుకే టెడ్ ఇచ్చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. మొదటి పది వేటలకు మనిషి బోటెక్కి వాలు సరిచూసి, పట్టిన సరుకు తూచి చూపించాలి. ఆ తూకం చూశాకే నమ్మకం కుదురుతుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద టెడ్లకు డబ్బు కేటాయించారు. లేనిది ఆ బోటెక్కే మనిషి.

రొయ్యల వ్యాపారానికి కూడా ఇది పట్టాలి. తాబేళ్లను కాపాడని దేశాల సముద్రపు రొయ్యలు కొనబోమని అమెరికా 1989లో చట్టం చేసింది. దాని మీద భారత్ సహా నాలుగు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి, 1998లో తీర్పు వచ్చింది, అయినా ఆ చట్టం పోలేదు. 2019లో మన సముద్రపు రొయ్యలకు ఆ మార్కెట్ మూసుకుపోయింది. చెరువుల్లో పెంచే వనామీకి ఈ నిషేధం వర్తించదు కాబట్టి మన రాష్ట్రంలో దీని నొప్పి ఎగుమతిదారులకు పెద్దగా తగల్లేదు, తగిలింది వలేసే వాళ్లకే. టెడ్ పనిచేస్తే ఆ మార్కెట్ తెరుచుకుంటుందన్న మాట రేవుల్లో ఎవరైనా గట్టిగా చెబుతున్నారా అంటే అనుమానమే.

వేట నిషేధం ఉందిగా అనేవాళ్లు కూడా ఉన్నారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు ఆగుతాయి. అది చేపలు గుడ్లు పెట్టే కాలం కోసం పెట్టిన నిషేధం. తాబేళ్లు జతకట్టడానికి, గుడ్లు పెట్టడానికి తీరం దగ్గర గుమిగూడేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి చివరిదాకా. అవి మొగల ముందు తేలుతున్న రోజుల్లోనే రొయ్యల వేట జోరుగా సాగుతుంటుంది. బోట్లు ఆగేసరికి తల్లుల్లో చాలావరకు పనయిపోయి వెళ్లిపోతాయి, లేదా పోయినవి పోతాయి. చెన్నై చుట్టుపక్కల తీరానికి వందలకొద్దీ తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చింది 2025 జనవరిలో, అంటే నిషేధానికి మూడు నెలల ముందని చూస్తే విషయం బోధపడుతుంది. ఒడిశా ఈ తేడా గుర్తించి ధమ్రా, దేవి, ఋషికుల్య మొగల ముందు 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాలింగ్ ఆపేసింది. మనకు ఏడు నెలలు అక్కర్లేదనే నా అభిప్రాయం. గోదావరి, కృష్ణా మొగల ముందు, తాబేళ్లు ఎక్కువగా తేలే పట్టీల్లో మాత్రం జనవరి మధ్య నుంచి మార్చి ఆఖరు దాకా ట్రాల్ వల దించకూడదు. ఏప్రిల్ నిషేధానికి భృతి ఇచ్చినట్టే దీనికీ ఇవ్వాలి. భృతి లేని నిషేధం రాత్రిపూట ఉల్లంఘనకే దారితీస్తుంది.

వలలోంచి తీసిన తాబేలు కదలకపోతే చచ్చిందని నీళ్లలోకి విసిరేస్తారు. ఆ విసరడంతోనే చాలావరకు నిజంగా చస్తాయి. ఊపిరాడక స్పృహ తప్పిన తాబేలుకు గంటల తర్వాత కూడా తెలివి వచ్చే అవకాశం ఉంది. బోటు మీద చేయాల్సింది ఇది. వెల్లకిలా వేయకండి, పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టండి. వెనక భాగం కనీసం అర అడుగు ఎత్తుగా ఉండేలా కింద తాడు చుట్టో పాత టైరో పెట్టండి, ఊపిరితిత్తుల్లో నీరు దిగిపోవాలి. డిప్ప అంచు పట్టుకుని ఒక పక్కకు మూడంగుళాలు లేపి దించండి, తర్వాత రెండో పక్క. మధ్యమధ్యలో ఇలా చేస్తుండాలి. నీడలో ఉంచి తడి గుడ్డ కప్పండి, ముక్కు మాత్రం మూయొద్దు. నీళ్ల తొట్టిలో పెట్టడం, పొట్ట మీద నొక్కడం రెండూ ప్రమాదమే. కనురెప్ప మీద మెల్లగా తాకి, తోక కాస్త గిల్లి చూడండి, ఏ కొంచెం కదిలినా బతికే ఉంది. తెలివి రావడానికి నాలుగు గంటల నుంచి 24 గంటల దాకా ఆగాల్సి రావచ్చు. వదిలేటప్పుడు వలలు నీళ్లలో ఉండకూడదు, ఇంజను గేరు తీసేసి, బోటు వెనక నుంచి మెల్లగా దించాలి. ఆగడం పక్కన పెడితే, ఇదంతా చేయడానికి ఒక కళాసీకి పట్టే సమయం చాలా తక్కువ. రేవుల్లో వేయించే బోర్డుల మీద తాబేలు బొమ్మకు బదులు ఈ నాలుగు ముక్కలు రాయిస్తే ఎంత మేలు!

బల్లపరుపుగా ఉండే టేకు చేపల కోసం వేసే, కళ్లు పెద్దవిగా ఉండే వలలదీ ఇదే కథ. వాటికి టెడ్ కుదరదు. తాబేళ్లు తేలే నెలల్లో ఆ వల వేయకపోవడం, వేసినా రాత్రంతా వదిలేయకుండా త్వరగా తీసి చూసుకోవడమే దారి. తెగిన వలలు సముద్రంలో పారేస్తే అవి ఏళ్ల తరబడి చంపుతూనే ఉంటాయి. రేవులోకి తెచ్చిన పాత వలకు కిలోకింత ఇచ్చి కొనే పద్ధతి ఉంటే ఎవరూ పారేయరు.

మరి హేచరీలు అనవసరమా? కాదు. కుక్కలూ నక్కలూ తోడేసే తీరంలో, అలలు ఇసుకను కోసుకుపోతున్న చోట అవి కావాలి. కానీ గుడ్డు ఉన్నచోటే భద్రంగా ఉంటే కదపకపోవడమే ఉత్తమం. కదపాల్సి వస్తే గుడ్లు పెట్టిన రెండు గంటల్లోపు, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోపు. ఆ తర్వాత పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది, గుడ్డు దొర్లితే అతుకు తెగి లోపలే చస్తుంది. ఉదయం పదింటికి తీరికగా బస్తాలో పోసి తెచ్చిన గుడ్లు సగం పిల్లలు కాకపోతే ఇసుకను నిందించి లాభం లేదు. తప్పక ఆలస్యంగా తీసినప్పుడు పైవైపు పెన్సిలుతో గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా పేర్చాలి.

గుంత ఒకటిన్నర అడుగు లోతు, మెడ సన్నగా, కింది భాగం వెడల్పుగా కూజాలా ఉండాలి. తల్లి వెనక కాళ్లతో తవ్వేది అచ్చం అలాగే. గూటికీ గూటికీ మీటరు ఎడం. ఏటా అదే చోట పెడితే కుళ్లిన పెంకుల బూజు కొత్త గుడ్లకు పడుతుంది, చోటు మార్చండి లేదా ఇసుక తీసి కొత్తది పోయండి. ఉష్ణమాపి గుడ్ల లోతులో ఉండాలి, పైన కాదు. తాబేలులో ఆడా మగా నిర్ణయించేది ఇసుక వేడి. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ పుడతాయి, అంతకు పైన ఆడవే ఎక్కువ, 34, 35 దాటి నిలిస్తే పిండాలు చస్తాయి. మార్చి ఆఖరు ఎండలకు తాటాకు పందిరి కావాలి. డిసెంబరు నుంచే దట్టంగా కప్పేస్తే మాత్రం మగవే పుడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి, ఎక్కువగా ఇసుక చల్లబడ్డ రాత్రి వేళ.

ఇక్కడే ఆ బేసిన్ల సంగతి. ఇసుకలోంచి బయటపడ్డ పిల్లకు ఒకటే తొందర, ఈదడం. మొదటి రోజంతా ఆగకుండా ఈది, తీరం దగ్గర కాచుకునే చేపల్ని దాటిపోవడానికి పొట్టలో మిగిలిన పచ్చసొనే దాని దారిబత్తెం. అతిథి ఎనిమిదింటికి వస్తారని బేసిన్లో ఉంచిన పిల్ల ఆ బత్తెం అక్కడే ఖర్చుపెట్టేస్తుంది. నీళ్లు పోస్తే ఇంకా త్వరగా. ఎండ ఎక్కాక ఇసుక కాలుతుంది, కాకులూ గద్దలూ దిగుతాయి. పిల్లలు పైకొచ్చిన రాత్రే, అలకు కొన్ని మీటర్ల ఎగువన వదిలి, వాటంతట అవి పాకేలా చూడాలి. రోజూ ఒకే చోట వదిలితే చేపలు ఆ చోటు మరిగిపోతాయి. బడిపిల్లలకు చూపించాలంటే సాయంత్రం చీకటి పడే వేళ, ఎర్ర లైటు వెలుతురులో, ఆ సాయంత్రం పైకొచ్చినవాటినే చూపించవచ్చు.

తీరంలో తెల్లటి లైట్లు గురించి ఒక్క మాట. పిల్లకు సముద్రం అంటే ఎక్కువ వెలుగున్న దిక్కు. వెనక రిసార్టు వెలుగు ఎక్కువైతే రోడ్డు మీదికే పోతుంది. జనవరి నుంచి మే దాకా ఇసుక మీద నిలబడితే బల్బు కంటికి కనపడకూడదు, అంత కిందికి వంచి మూత పెట్టాలి, రంగు కాషాయమో ఎరుపో ఉండాలి. అలాగే తుపానుకు అడ్డని ఇసుక అంచుదాకా సరుగుడు నాటడం మానాలి. ఆ వేళ్ల మధ్య తల్లి గుంత తవ్వలేదు.

చివరగా ఒడ్డున చచ్చిపడి ఉన్న తాబేలు. దాన్ని వెంటనే పాతిపెట్టేయకండి. తేదీ, చోటు, డిప్ప వంపు వెంట మెడ నుంచి తోక దాకా పొడవు, ఆడా మగా, వల గుర్తులో పడవ ఫ్యాను కోతలో ఉన్నాయా అన్నది రాసుకుని, ఫొటో తీసి, దగ్గరి అటవీ రేంజి కార్యాలయానికి చెప్పండి. మళ్లీ లెక్కలోకి రాకుండా డిప్ప మీద పెయింటుతో గీత గీయండి. చచ్చినవన్నీ ఒడ్డుకు రావు, చాలావరకు సముద్రంలోనే కలిసిపోతాయి, కాబట్టి ఒడ్డున ఒకటి కనిపిస్తే నీళ్లలో ఇంకెన్నో ఉన్నట్టు. ఒకే మొగ పక్కన ఒకే వారంలో పది గీతలు పడ్డాయని తేదీలతో సహా చూపించే నోటు పుస్తకం ఊరికొకటి ఉంటే, ఆ మొగ ముందు ఆ వారాల్లో ట్రాల్ వల దించొద్దని కలెక్టరు ముందు పెట్టడానికి అంతకంటే గట్టి కాగితం ఉండదు.